మలావి మడిలో ఎడమచేతి నాటు

దయ్యాలను నమ్మే ఇల్లు కాదు మాది. నేరేడుచర్లలో రాత్రి ప్రార్థన చేసుకొని హాయిగా పడుకునేవాళ్లం. ఎవరికైనా గాలి సోకిందని ఎవరన్నా అంటే మా అక్క రూతమ్మ "ముందుగాల దవాఖానకు తీస్కపోండ్రి" అని కసిరేది. నేనేమో వ్యవసాయ డిప్లొమా చదివి మిర్యాలగూడలో ఒక విత్తనాల కంపెనీలో పనిచేస్తున్నాను. మొలకలు వస్తే వచ్చాయని, రాకపోతే రాలేదని రాసే ఉద్యోగం. అలాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మకపోతే మీ ఇష్టం.

అక్క నాట్లు వేసే కూలీల ముఠాకు పెద్ద. మఠంపల్లి దాకా, ఒక్కోసారి కోదాడ అవతలికి కూడా పొలాలు గుత్తకు పట్టి ఆడవాళ్లను తీసుకుపోయేది. అమ్మ పోయాక నన్ను చదివించింది ఆమే. అక్కది ఎడమచేతి వాటం. పక్కన నాటేవాళ్లకు మోచెయ్యి తగిలి రోజూ గొడవే. అందుకే వరుసలో ఆమెను చివరకు నెట్టేవాళ్లు.

సూర్యాపేటలో ఆఫీసు ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఆమె పని చూశారు. ఆఫ్రికాలో మలావి అనే దేశంలో ఒక ఊరుందని, అక్కడ వరి వెదజల్లుతారని, నాటడం నేర్పడానికి వలంటీరుగా వస్తావా అని అడిగారు. అక్క సంబరం చూడాలి. పాస్‌పోర్టు కూడా వచ్చింది. అక్కడివాళ్లకు చూపించే వీడియో తీయడానికి కోదాడ నుంచి ఒకతన్ని పిలిపించారు. "కుడిచేత్తో నాటండమ్మా, ఎడంచెయ్యి చూట్టానికి బాగోదు" అన్నాడతను. అక్క నవ్వుకుంటూ కుడిచేత్తోనే కాసేపు నాటింది. మడి సగం కూడా కాకముందే అతను కెమెరా సర్దుకొని వెళ్లిపోయాడు.

తర్వాత వద్దన్నారు. ఇంగ్లిషు రాని మనిషి రిపోర్టులు ఎట్లా రాస్తుందని పైవాళ్లు అడిగారట. ఆ ముక్క కూడా ఫోన్‌లోనే చెప్పారు. అప్పటికే అక్క ఊరంతా చెప్పుకొని, ప్రయాణానికని కొత్త చెప్పులు కొనుక్కుంది. "పోనియ్యే, నాకు రాసిపెట్టిలేదు" అని ఊరుకుంది. ఆ వానాకాలం నాట్లలోనే జ్వరం పట్టుకుంది. అది నిమ్ముకు దిగింది. సూర్యాపేట దవాఖానలో చనిపోయింది. ఆ దిగులుతో, మనాదితోనే పోయిందని నేనంటాను. డాక్టర్లు అనరు.

అక్క జ్ఞాపకార్థ కూడికకు ఆ సంస్థ మనిషి కూడా వచ్చాడు. భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలిచి, చదువుకున్నదానివి కదా, అక్క బదులు నువ్వు పోతావా అన్నాడు. చేతిలోని విస్తరి అతని ముఖాన కొట్టాలనిపించింది. కానీ ఒప్పుకున్నాను. అక్క పోవాలనుకున్న చోటు ఒకసారి నా కళ్లతో చూడాలనిపించింది. అంతకుమించి నాలో సేవాభావం ఏమీ లేదు.

జనవరిలో మలావిలో దిగాను. దిగిన గంటలోనే ఒళ్లు మండింది. బయటికి రాగానే సంస్థ పేరున్న టీషర్టు ఇచ్చి తొడుక్కోమన్నారు. ఊరు చేరేసరికి పిల్లలను ఎండలో నిలబెట్టి నా కోసం పాట పాడించారు. వాళ్లకు మంచినీళ్లు ఇచ్చిన దిక్కు లేదు. నా చేతిలో మాత్రం చల్లటి కూల్‌డ్రింకు, ఎదురుగా ఫోటోలు తీసేవాడు. ఎర్రమట్టి, నెత్తిన బకెట్లతో నడిచే ఆడవాళ్లు, సంకటి లాంటి మక్కపిండి ముద్ద, ఇవేవీ నాకు కొత్తగా అనిపించలేదు. అక్క ఉంటే ముందు ఆ పిల్లలను నీడకు తోలేది.

మర్నాడు పొద్దున పొలానికి తీసుకుపోయారు. మాటలు అటూ ఇటూ చెప్పడానికి గ్రేస్ అనే ఆ ఊరి టీచరు నాతో వచ్చింది. వెదజల్లిన వరి ఉంటుందనుకున్నాను. ఒక మడి మాత్రం వరుసల్లో నాటి ఉంది. పైరు అప్పటికే వేళ్లూని పచ్చబడింది. పక్క మడిలో కొందరు ఆడవాళ్లు వంగి నాటుతున్నారు. నారు కట్ట కుడిచేతిలో ఉంది, నాటేది ఎడమచేత్తో. ఒక్కరు కాదు, అందరూ అంతే.

మీరంతా ఎడమచేతి వాటమా అని అడిగిస్తే నవ్వారు. మధ్యాహ్నం చూశాను, అందరూ కుడిచేత్తోనే తిన్నారు.

"మొదటి వానలకు ఒకావిడ వచ్చి నేర్పిందట. నీలాంటి మనిషేనట. ఒంటి మీద పొడుగాటి గుడ్డను కాళ్ల మధ్య నుంచి వెనక్కి దోపుకుందట" అని గ్రేస్ చెప్పింది. గ్రేస్ అప్పుడు బడి సెలవులకు పుట్టింటికి పోయింది, ఆమెను చూడలేదు. ఆ మనిషి ఏ భాషలో మాట్లాడిందని అడిగితే ఆడవాళ్లు మాకు అర్థమైంది అన్నారు, అంతే. అక్కడి సంస్థ మేనేజరు మాత్రం మీ దేశం నుంచి ఇప్పటిదాకా ఎవరూ రాలేదని తేల్చి చెప్పాడు. అక్కడ మొదటి వానలు పడేది నవంబరు, డిసెంబరు నెలల్లో. అప్పటికి అక్క చనిపోయి నెలలు దాటింది.

వీడియో చూసి నేర్చుకున్నారేమో అని కూడా ఆలోచించాను. ఆ వీడియోలో అక్క నాటింది కుడిచేత్తో.

అప్పుడే ఇంకొకటి కనిపించింది. పచ్చబడిన మడిలో నీళ్లు దిగే మూలన ఒక గుప్పెడు నారు విడదీయకుండా గుత్తిగా పాతి ఉంది. ముఠాలో ఎవరైనా కాన్పుకో జబ్బుకో పనికి రాలేకపోతే, మడి అయిపోయాక ఆమె పేరు మీద అక్క అట్లా ఒక గుప్పెడు పెట్టేది. రాని మనిషిని విడిచిపెట్టినట్టు కావొద్దనేది. వేరే ఏ ముఠాలోనూ నేను ఆ అలవాటు చూడలేదు.

అది ఎవరి కోసమని గ్రేస్‌తో అడిగించాను. ఒక ముసలామె నావైపు చెయ్యి చూపించి ఏదో చెప్పింది.

"చెల్లెలికట. వెనకాల వస్తుందని చెప్పి పెట్టించిందట" అంది గ్రేస్.

అందరి ముందు, ఆ టీషర్టులోనే వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క చనిపోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

నేను నేర్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఉన్నన్నాళ్లు వాళ్లతో కలిసి నాటి వచ్చాను.

తిరిగొచ్చాక సూర్యాపేట ఆఫీసుకు పోయి అడిగాను. వీడియో ఎవరికీ పంపలేదన్నారు. అక్క పాస్‌పోర్టు మా ఇంట్లోనే ఉంది, ఒక్క ముద్ర లేదు. మన వైపు మనిషి ఎవరైనా అక్కడికి పోయారేమో అని తెలిసినవాళ్లందరినీ అడిగాను. ఎవరూ పోలేదు. సంస్థ వాళ్లు మాత్రం ఆ మడి ముందు నా ఫోటో అచ్చువేసి, నేనే శిక్షణ ఇచ్చానని రాసుకున్నారు. నేనేమీ నేర్పలేదంటే, "గట్లంటె ఎట్లమ్మా, పోయింది మీరే గదా" అన్నాడు కూడికకు వచ్చిన ఆ మనిషే.

మా చర్చి దగ్గర ఆడవాళ్లు ఇప్పటికీ అంటుంటారు, "పాపం రూతమ్మ, గా దేశం సూడకుండనే పాయె" అని. ఇదివరకు నేనూ వాళ్లతో కలిసి ఏడ్చి, ఆ సంస్థను తిట్టేదాన్ని. సంస్థను ఇప్పటికీ తిడతాను. ఆ మాటకు మాత్రం అవునని తలూపలేకపోతున్నాను. పోయొచ్చిందని చెప్పడానికీ నోరు రావడం లేదు.