బోర్లించిన కత్తిపీట

కీమో సూది వేయించుకున్న మనిషికి ఎలా ఉంటుందో అడగడానికి మా ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ చివరికి తమ నడుం నొప్పి గురించి చెప్పి పోయారు. ఇప్పుడు నేను చెబుతాను. మీరు నోరు మూసుకుని వినండి.

అది అలసట కాదు. అలసట నాకు తెలుసు. మొగుడు పోయాక మైపాడు ఒడ్డున చేపలు కొని, గంప ఆటోకెక్కించి, ఇందుకూరుపేట రోడ్డు పక్క రేకుల షెడ్డులో సాయంత్రం దాకా కోసి అమ్మినదాన్ని. ఆ అలసట ఇంత అన్నం తిని పడుకుంటే తెల్లారేసరికి పోతుంది. ఇది పోదు. పడుకుని లేస్తే పడుకోకముందుకన్నా బరువుగా ఉంటుంది. పోటు నీళ్లు అందని చోట ఇసుకలో కూరుకుపోయిన పడవలా ఉంటుంది ఒళ్లు. ఎంతమంది తోసినా కదలదు, పైగా తోసేవాళ్లు తిడతారు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. చోటు ఎవరి సొంతమూ కాదు, కూర్చున్నదానిదే. కొన్నాళ్లు రాకపోతే పక్కది జరిగి కూర్చుంటుంది, అడగడానికి లేదు. ఒక్క బాలింతకే మినహాయింపు. ఆమె కత్తిపీటను ఆ చోట బోర్లించి పెడతారు. నెల తిరిగి ఆమె వచ్చేదాకా దాన్ని ఎవరూ కదపరు.

నా రొమ్ములో గడ్డ క్యాన్సరని నెల్లూరులో తేల్చి సూదులు మొదలుపెట్టినప్పుడు, షెడ్డులోని ఆడవాళ్లు నా కత్తిపీటను కూడా అలాగే బోర్లించారు. మంచితనమే, కాదనను. కానీ మావాళ్లకు ఆడదాని విశ్రాంతి అంటే పురుడు తప్ప ఇంకొకటి తెలియదు. నన్ను కూడా బాలింతను చేసేశారు. నా మొగుడి అక్క, షెడ్డులో నా పక్క చోటుది, పాలసొర పుట్టు చేసి తెచ్చింది. పాలు పడాలని బాలింతలకు పెట్టే సొరచేప కూర అది. రొమ్ము ఉంచుతారో కోస్తారో తెలియనిదానికి పాలు పడే కూర. ఆ వాసనకు గిన్నె పక్కనే కక్కుకున్నాను.

"చేపల్లో పుట్టి చేపల్లో పెరిగినదానికి చేప వాసన పడదంటనా?" అంది ఆడబిడ్డ.

"నీ వాసన కూడా పడలేదు వదినా. దూరంగా కూర్చో."

"నోటికి మాత్రం నీరసం రాలేదుమే."

నెల తిరిగింది. వాళ్ల లెక్కలో పురుడు అయిపోయింది. నా సూదులు సగం కూడా కాలేదు. ఆడబిడ్డ మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ముగ్గుర్ని కన్నా. ఒక్కసారన్నా నెల దాటి పడుకున్నానా? నీకింకా ఏందిమే ఈ పడక? జరం లేదు, దెబ్బ లేదు, ఒళ్లు నిక్షేపంగా ఉండాది."

"అంత బాగుంటే నువ్వే తీసుకో. మార్చుకుందాం."

"రేపు నీ కత్తిపీట తీసి పక్కన పెడతా. చోటు ఎన్నాళ్లు ఊరికే ఉంచేది?"

నా చోటు నీళ్ల కుళాయిని ఆనుకుని ఉంటుంది. బస్సు దిగినవాళ్ల కళ్లు ముందు పడేది దాని మీదే. ఆమెకు మొదటినుంచీ దాని మీద కన్ను. అది పోతే ఆమె గంప ముందు కూర్చుని చేపలు కడిగే కూలి తప్ప నాకు మిగిలేది లేదు.

ఆ కోపంతో మర్నాడు లేచాను. ఆ పొద్దు ఒళ్లు తేలిగ్గా అనిపించింది. అదే మోసం. ఇల్లు ఊడ్చి, బట్టలు ఉతికి, ఒడ్డుకు పోయి చేపలు కొని, షెడ్డుకు చేరేసరికి గంప పక్కనే కూలబడ్డాను. ఆడబిడ్డే నన్ను ఆటో ఎక్కించింది. ఎక్కించి, తిరిగి వెళ్లి, నా కత్తిపీటను గోడకు ఆనించి నా చోట కూర్చుందట. తర్వాత చాలా రోజులు నీళ్ల చెంబు ఎత్తడానికి కూడా చేయి రాలేదు.

మళ్లీ సూదికి పోయినప్పుడు రక్తం పరీక్ష చేశారు. రక్తం బాగానే ఉందన్నారు. జబ్బుకూ మందుకూ ఇలాగే ఉంటుందట. అక్కడి నర్సమ్మ చిన్నపిల్ల.

"బాగుండాదని అన్నీ ఒక్క పూటే చేస్తే ఇట్టనే పడతావు పెద్దమ్మా. కొంచెం చెయ్యి, పడకముందే కూర్చో. అట్టని రోజంతా పడుకున్నా నీరసం పెరగతాది. రోజూ కాస్త నడువు."

"పడకముందే కూర్చుంటే సోమరిదంటారు మా ఊళ్లో."

"అననీ. వాళ్లొచ్చి మోస్తారా?"

ఆ మాట నచ్చింది. పిల్ల నచ్చలేదు, నరం దొరక్క చేయంతా పొడుస్తుంది.

అప్పటినుంచి చేపల దగ్గర తచ్చాడే కుక్కను కనిపెట్టుకుని ఉన్నట్టు నా ఒళ్లును కనిపెట్టుకుని ఉన్నాను. సూది పడిన కొత్తలో ఏ పనీ పెట్టుకోను. తర్వాత పొద్దుటి పూట కాస్త బలం ఉంటుంది, మధ్యాహ్నం ఉండదు. ఆ బలాన్ని ఇంటికి పెట్టను. ఇల్లు దుమ్ము పట్టనీ. కూర్చునే వండుకుంటాను. జుట్టు రాలిపోయింది కాబట్టి దువ్వుకునే పని తప్పింది. వీధి చివరిదాకా నడిచి వస్తాను. మిగిలిందంతా షెడ్డుకు దాచుకుంటాను.

అలా దాచుకుని ఒక పొద్దున పోయాను. చిన్న బుట్టలో కోసే పనిలేని చిన్న చేపలు, నెత్తళ్లు. వాసన తగలకుండా ముక్కుకు గుడ్డ. గోడ దగ్గరి కత్తిపీటను తెచ్చి, ఆడబిడ్డ కూర్చోకముందే ఆమె గంపను కాలితో జరిపి, నా చోట పెట్టుకుని కూర్చున్నాను. బోర్లించలేదు.

"మళ్లీ పడతావుమే," అంది పక్కకు జరుగుతూ.

"పడను. పడుకుంటా."

కొన్ని నెత్తళ్లు అమ్ముడుపోయేసరికి ఒళ్లు ఇసుకలోకి దిగబోయింది. దిగనివ్వలేదు. గోనెపట్టా పరిచి, చీర కొంగు చుట్టి తల కింద పెట్టుకుని, అందరి ముందూ ఆ చోటులోనే పడుకున్నాను.

"ఇది షెడ్డా, ఆసుపత్రా?" అంది ఆడబిడ్డ.

"కూర్చున్నదానిదే చోటన్నారు. పడుకున్నదానిది కాదని ఎవరన్నారు వదినా?"

ఎదురు చోటు ముసలామె నవ్వింది. ఆడబిడ్డ నవ్వలేదు. ఆమెకు చేపలు కడగడానికి నీళ్లు కావాలి. కుళాయికి పోవాలంటే నా కాళ్లు దాటాలి. పడుకున్న మనిషిని దాటకూడదని నాకు నేర్పింది ఆమే. బకెట్టు పట్టుకుని షెడ్డంతా చుట్టి పోయింది, మళ్లీ చుట్టి వచ్చింది. మధ్యాహ్నం దాకా అదే పని. కళ్లు మూసుకుని ఆమె చెప్పుల చప్పుడు వింటూ ఉన్నాను. కాళ్లు మాత్రం ముడుచుకోలేదు.