బుల్లమ్మ చూసే ఉప్పు

దీవుల్లోని వండూర్ సముద్రపు ఒడ్డున సూరయ్య హోటల్లో పాత పడవ పలకలే బల్లలు. ధరల బోర్డు లేదు. ఉన్నది ఒకటే నియమం. తినడానికి వచ్చినవాళ్ళు ముందు వంటింట్లోకి వెళ్ళి, అరచెయ్యి చాపి, చేపల పులుసులో ఉప్పు చూడాలి.

భార్య బుల్లమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ పని ఆమెది. "వండినోడి నాలిక్కి పొగడ్డమే తెలుసు," అంటూ మొగుణ్ణి ఏనాడూ రుచి చూడనివ్వలేదు. ఆమె పోయి ఏడాదైంది. అప్పటినుంచి ఢిల్లీవాడు తక్కువన్నాడని ఒక చిటికెడు, బెంగాలీ దీదీ చాలదందని ఇంకో చిటికెడు. సాయంత్రానికి కుండ సముద్రం పాలు.

"ఇంకొక్క కుండ పారబోసినావంటే హోటల్ మూసీడమే. టౌన్లో డైరీ ఫార్మ్ పేటలో మా ఇంటికాడ ఉండాల. అంతే," అని కూతురు నూకరత్నం ఒట్టు వేయించుకుంది. కుండ సంగతి చూడడానికి ఈ రోజు నాలుగు గంటల బస్సుకు వస్తానంది.

మధ్యాహ్నం జెట్టీ వైపు నుంచి ఒక పెద్దావిడ చెప్పులు చేత పట్టుకుని ఇసుకలో నడిచి వచ్చింది. పేరు కామమ్మ, భీమిలి దగ్గర ఊరు. కూడా వచ్చినవాళ్ళు దీవులు చూడబోతే, పడవ ప్రయాణం పడదని తాను ఒడ్డునే ఆగిపోయింది.

సూరయ్య గరిటె చాపాడు. ఆవిడ అరచేతిలో చుక్క నాకి కుండలోకి చూసింది.

"సెప్పమ్మా. తక్కువా, ఎక్కువా?"

"నువ్వు సూసినావా?"

"నాకేటి తెలుసు? ముప్పై ఏళ్ళూ మా ఆడదే సూసింది."

"ఆవిడ సూసిన పులుసు తిన్నదెవులు?"

సూరయ్య గరిటెతో పులుసు కలపసాగాడు.

"తిన్నోడివి నువ్వు. ఇప్పుడే వొచ్చిన నన్నడుగుతావేటి? చెయ్యి సాపు."

ఆవిడే గరిటె లాక్కుని పోసింది. సూరయ్య కళ్ళు మూసుకున్నాడు. పులుపు వచ్చింది, కారం వచ్చింది. వాటి వెనకే రావలసింది ఇంకా వెనకబడి ఉంది.

"చిటికెడు," అన్నాడు. వేశాడు. మళ్ళీ చూసుకుని ఉప్పు డబ్బాకు మూత పెట్టాడు.

కామమ్మ మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. కంచం అంచున ముళ్ళు పేర్చుకుంటూ, బుల్లమ్మ ఎలా ఉండేదో అడుగుతూ, ఎండ వాలేదాకా తింది. ఆవిడ తరువాత వచ్చిన ఎవరినీ సూరయ్య వంటింట్లోకి పిలవలేదు.

తండ్రి బట్టలు సర్దడానికి ఖాళీ సంచి తెచ్చుకున్న నూకరత్నం బస్సు దిగి నేరుగా కుండ దగ్గరికే వెళ్ళింది. అది ఖాళీగా ఉంది.

"మళ్ళీ సముద్రానికేనా నాన్నా?"

"కాదమ్మా. మనుసులకే."

ఆమె నమ్మలేదు. అడుగున అంటినది వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. అమ్మ చూసిన ఉప్పే అనిపించి, కుండ వంచి మళ్ళీ వేలు పెట్టింది.

ఆమె తిరిగి వెళ్ళేటప్పుడు ఆ సంచిలో ఎండుచేపలున్నాయి.