సున్నం కింది ముఖం

మేడిపల్లి దగ్గర మా ఊరి చర్చి బయట నుంచి చూస్తే బీడీ ఆకు గోదాములాగా ఉండేది. లోపలికి పోతేనే దాని సంగతి తెలిసేది. యూరప్‌లోని తన పల్లె చర్చి ఫోటో ఒకటి వెంట తెచ్చుకున్న ఫాదర్, బలిపీఠం అచ్చం అట్లాగే కావాలని పట్టుబట్టాడట. సుతారి పని చేసే మా నాయన డంగు సున్నంతో మెలికలు తిరిగిన స్తంభాలు నిలబెట్టాడు. వాటి మీద మబ్బులు, మబ్బుల్లో నిండు బుగ్గల దేవదూతలు. ఫోటోలో బంగారం ఉన్నచోట పసుపు రంగు కొట్టాడు. ఒక స్తంభం కొంచెం లావైంది. నాయన తప్ప దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

దేవదూత ముఖం ఎట్లా ఉంటుందో ఆయనకేం తెలుసు? ఇంట్లో ఉన్న మా అన్ననే ముందు కూర్చోబెట్టుకుని, ఎడమవైపు చివరి దేవదూతను చేశాడు. చెవులు కూడా వాడివే, బయటికి పొడుచుకొచ్చి ఉండేవి.

అన్న పెద్దవాడై దళంలో కలిశాడు. పోలీసులు వాడి ఫోటో కోసం ఇల్లంతా తిరగేసి పోయాక, బియ్యం డబ్బా అడుగున దాచిన ఒక్క ఫోటోనూ అమ్మ పొయ్యిలో పెట్టింది. ఇక మిగిలింది ఆ గోడ మీది ముఖమే.

మా చర్చి వాళ్ళది ఒక మొండి భక్తి. క్రిస్మస్ ముందు ఇంటికో బకెట్ సున్నం తెచ్చి గోడలు, స్తంభాలు, దేవదూతలు అన్నింటికీ ఒక్కతీరుగా పూసేస్తారు. ఎంత మందంగా పూస్తే అంత పుణ్యం. ఏటేటా మెలికలు పూడిపోయాయి, బుగ్గలు మొద్దుబారాయి. ఆ ముఖం ఒక్కటి వదిలెయ్యమని అమ్మ బతిమాలేది. ఒక్కదాన్నే వదిలితే ఎందుకని అడుగుతారు, ఆ మాట ఠాణా దాకా పోతుందని నాయన భయం. ఆయనే నిచ్చెనెక్కి పూసేవాడు. నాకు ఇద్దరి మీదా కోపంగా ఉండేది. కొన్నేళ్ళకు కోపగించుకునే ఓపిక కూడా లేకుండా పోయింది.

అన్న ఎన్‌కౌంటర్‌లో పోయాడని తెలిసింది. శవం ఇవ్వలేదు. ఇక దాచేదేముందని ఆ క్రిస్మస్ ముందు నాయన కత్తి పట్టుకుని నిచ్చెనెక్కి గీకడం మొదలుపెట్టాడు. పెచ్చులు రాలాయి. ఒక పెచ్చుతో పాటు ముక్కు ఊడి వచ్చింది. నాయన చెయ్యి ఆగిపోయింది. కింద నిచ్చెన పట్టుకున్న నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ ఆ ముక్కను ఏరి కొంగులో కట్టుకుంది.

"ఇగ గీకకు. పోరనికి మట్టి సుత ఎయ్యలేకపోతిమి. గా సున్నం కిందనన్న ఉండనియ్యి," అన్నది.

నాయన కత్తి నాకు అందించి, సున్నం బకెట్ ఇమ్మన్నాడు.