రెండెకరాల ఐదు సెంట్లు

అది 2022, శనగ విత్తే కాలం. ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టు పైన, రెండు గదుల్లో మా టెస్టింగ్ ఆఫీసు ఉండేది. నేను పుట్టింది పులివెందులలో, పని నేర్చుకున్నది బెంగళూరులో. అక్కడ ఎనిమిదేళ్లు చేసి, ప్రొద్దుటూరు కోడలినయ్యాక, ఈ పని మన ఆడపిల్లలు ఇక్కడే కూర్చుని చేయలేరా అని పంతం పట్టి ఐదుగురితో మొదలుపెట్టాను. పని చెప్పడానికి తేలికే. ఎవరో తయారుచేసిన యాప్‌ను అన్ని రకాలుగా నొక్కి చూసి, తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి. ఆ తప్పును బగ్ అంటాం. పట్టే మనిషి టెస్టర్.

ఆ ఏడు మాకు హైదరాబాదు నుంచి రైతుల యాప్ ఒకటి వచ్చింది. పొలం ఎంతో కొడితే, దానికి ఎంత శనగ విత్తనం కావాలో లెక్కగట్టి ఆర్డరు పంపేస్తుంది. ఒకసారి పంపాక మార్చడానికి వీల్లేదు. దాని మీద పని చేస్తున్న వాళ్లలో కొత్తగా చేరిన పిల్ల ఎస్తేరు. వాళ్లది పెద్దముడియం దగ్గర పల్లె. నాన్న చేల పనికి పోతాడు, అమ్మ బడిలో వంట చేస్తుంది. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. మా దగ్గర మూడు నెలలు ప్రొబేషన్, అంటే పనికొస్తుందో రాదో చూసే గడువు. ఇక్కడ కుదరకపోతే జమ్మలమడుగులో ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరతానని వాళ్లమ్మకు మాటిచ్చి వచ్చింది.

ఆ గడువు శుక్రవారంతో అయిపోతుంది. మూడు నెలల్లో ఆ పిల్ల పట్టిన నికరమైన బగ్ ఒక్కటీ లేదు! పైగా హైదరాబాదు మేనేజరు గారు, "ఆ అమ్మాయి మాట మొరటుగా ఉందండీ, కాల్స్‌లో మాట్లాడనివ్వకండి" అన్నారు. శుక్రవారం ఆ పిల్ల గురించి నేను నింపాల్సిన ఫారంలో ఏం రాయాలో నాకు తెలిసిపోయింది. రాయడానికే చేయి రావడం లేదు.

మంగళవారం మధ్యాహ్నం ఎస్తేరు ఒక బగ్ రాసి నాకు పంపింది. రెండెకరాల ఐదు సెంట్లు ఉన్న రైతు 2.5 అని కొడతాడు, యాప్ దాన్ని రెండున్నర ఎకరాలు అనుకుంటుంది, ఇదీ దాని సారాంశం. సెంటు ఎకరంలో నూరో వంతు కాబట్టి అక్కడ కొట్టాల్సింది 2.05. యాప్ బాగానే ఉంది, కొట్టేవాడు తప్పు కొడితే మనమేం చేస్తాం అనుకుని, రిజెక్టెడ్, అంటే ఇది బగ్ కాదు అని నొక్కేశాను. గుక్కెడు కాఫీ తాగినంత సేపు కూడా ఆలోచించలేదు.

రెండు నిమిషాల్లో నా టేబుల్ ముందు నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడుపెక్కడిది, మొహం నిండా కోపం!

"ఏందక్కా, సరిగా సదవకుండానే కొట్టేసినావు?"

"చదివినాను ఎస్తేరూ. సున్నా పెట్టకపోతే అది రైతు తప్పు గదా?"

"నేను ఆరో తరగతి నుంచి మా ఊర్లో అందరికీ అప్లికేషన్లు రాసిపెడతాండా. ఒక్కరూ సున్నా చెప్పరు. రెండు, చుక్క, ఐదు అంటారు. పది సెంట్లు, ఇరవై సెంట్లు ఉన్నోళ్లకు ఏం కాదు. పది లోపల ఉన్నోళ్లందరికీ ఇదే కత. నమ్మకపోతే రాక్కా, పోయి చూద్దాం."

గురువారం రిలీజ్, అంటే యాప్‌ను జనంలోకి వదిలే రోజు. బుధవారం పొద్దున్నే, ఉత్తుత్తి ఆర్డర్లు మాత్రమే తీసుకునే టెస్టింగ్ యాప్ ఉన్న ఫోను పట్టుకుని, స్కూటర్ మీద ఇద్దరం వాళ్ల పల్లెకు బయలుదేరాం.

నల్లరేగడి చేలల్లో విత్తడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. మొదటి రైతుది మూడెకరాల నలభై సెంట్లు. చక్కగా 3.40 కొట్టాడు. రెండో ఆయనది ఎకరా డెబ్బై ఐదు. ఆయనా సరిగ్గానే కొట్టాడు. ఎస్తేరు మొహం వాడిపోయింది. నాకూ గుబులు పట్టుకుంది. మూడో మనిషి ఓబుల్‌రెడ్డి మామ. ఎస్తేరు వాళ్ల నాన్న పనికి పోయేది ఈయన చేలోకే.

"మామా, నీ చేనెంతో దీంట్లో కొట్టు."

"రెండెకరాల ఐదు సెంట్లు. ఏటా రాసేది నువ్వే గదా, నీకు తెలీదా ఏంది?"

"నువ్వే కొట్టాల. నేను ముట్టుకోను."

టెస్టర్ పాటించాల్సిన మొదటి నియమం అదే, వాడే మనిషికి సాయం చేయకూడదు. మామ కళ్లజోడు సర్దుకుని రెండు కొట్టాడు. చుక్క పెట్టాడు. ఐదు కొట్టి, ఆర్డరు నొక్కేశాడు!

"మీ రెండున్నర ఎకరాలకు శనగ విత్తనం ఆర్డరు నమోదైంది" అని ఫోను గట్టిగా చదివింది.

మామ ఫోను వైపు చూశాడు, చేను వైపు చూశాడు. "ఏందిమ్మే ఇది! నలభై ఐదు సెంట్లు యాడ్నుంచి వచ్చినాయి? పక్క చేనోడు ఇన్నాడంటే నేనేదో గెట్టు జరిపినానని కొట్లాటకొస్తాడు!"

ఎస్తేరు అక్కడే గంతులేసింది. నేనూ వేశాను, వయసు మరిచిపోయి! బెంగళూరులో అంత పెద్ద ఆఫీసులో ఎన్ని బగ్‌లు పట్టానో, ఒక్కదానికీ నాకు అంత సంతోషం కలగలేదు. సాయంత్రం లోపు, ఎకరాల పైన పది సెంట్ల లోపున్న వాళ్లను ఇంకో నలుగురిని వెతికి పట్టుకున్నాం. ముగ్గురు అదే తప్పు కొట్టారు.

రైతులు కొడుతున్నప్పుడు తీసిన వీడియోలు పంపి, గట్టు మీద నుంచే మేనేజరు గారికి ఫోను చేశాను. "రైతులకు నేర్పిస్తే సరిపోతుంది కదండీ" అన్నారాయన. స్పీకర్ పెట్టి ఫోను ఎస్తేరు చేతికిచ్చాను.

"సార్, రైతులు తప్పు చేయల్యా. మీరడిగే తీరే బాగల్యా. ఒక గడి పెట్టి చుక్క పెట్టుకో అంటే యాడ పెడతారు? రెండు గళ్లు పెట్టండి. ఒకదాంట్లో ఎకరాలు, ఇంకోదాంట్లో సెంట్లు. శానా సులువు సార్, ఎవురికీ నేర్పే పనే ఉండదు."

అవతల ఆయన మా వీడియో పెట్టుకున్నట్టున్నారు, "మీ రెండున్నర ఎకరాలకు" అన్న మాట ఫోనులో మళ్లీ వినిపించింది.

"ఎస్తేరు గారూ, రేపటి రిలీజ్ ఆపుతున్నాం" అన్నారాయన. "ఇకనుంచి కాల్స్‌లో మీరే మాట్లాడండి."

ఇక నీ ఉద్యోగానికి ఢోకా లేదన్నాను. ఆ పిల్ల వెంటనే వాళ్లమ్మకు ఫోను చేసింది. "మా, నేను స్కూలుకు పోనులే. ఈడ నా ఉద్యోగం నిలబడింది. పెద్ద తప్పు పట్టుకున్నా!"

"తప్పు పడితే ఉద్యోగమిస్తారా?" అంది వాళ్లమ్మ. "ఇన్నాళ్లూ నా వంటకు వంకలు పెట్టినందుకు తిట్టినానే, తెలీక!"

శుక్రవారం ఫారం నింపేటప్పుడు నా చేయి ఆగలేదు. ఇప్పుడు ఎస్తేరు ఏడుగురు అమ్మాయిల జట్టుకు లీడ్. కొత్తగా ఎవరొచ్చినా నేను సర్టిఫికెట్ల కంటే ముందు, మీ ఊళ్లో నువ్వు ఎవరికి ఏ పని చేసిపెట్టేదానివి అని అడుగుతాను. మేం బగ్‌లు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో ఏదీ చెరిగిపోదు, ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో అంతా ఉంటుంది. మొదటి రోజు పిల్లలందరికీ ఎస్తేరు రాసిన ఆ బగ్ తెరిచి చూపిస్తాను. దాని కింద రిజెక్టెడ్ అన్న మాట పక్కన నా పేరే ఉంటుంది.