తొమ్మిది డబ్బాల గులాబీ మందు

ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి వంటగదిలో గరిటె తిప్పిన ఆర్డిస్ క్వామ్‌కి రాని పని లేదని ఊళ్ళో పేరు. రెండు వందల నలభై మంది పిల్లలకి మధ్యాహ్నానికల్లా వడ్డించేది. గిన్నెలు కడిగే యంత్రం మొరాయిస్తే తనే విప్పి, తనే బిగించేది. అలాంటి మనిషి ఇంటి దగ్గర మాత్రం ఏటా ఆకు రాలే కాలంలో టార్చిలైటు పట్టుకుని నిలబడేది. అలా ఇరవై రెండేళ్ళు.

సెలవుల్లో ఊళ్ళు తిరిగే చక్రాల ఇల్లు, క్యాంపర్ బండిని చలికాలానికి సిద్ధం చేయడం ఆమె భర్త వెర్లిన్ పని. అమెరికా ఉత్తర కొసన ఉన్న నార్త్ డకోటాలో ఆ పని ఎగ్గొట్టిన వాడికి మంచు కరిగాక గొట్టాలన్నీ పగిలి బండి జల్లెడలా కనిపిస్తుంది. అందుకని ఉన్న నీళ్ళన్నీ వదిలేసి, గడ్డకట్టని, ఒంటికి హాని చేయని గులాబీరంగు మందు గొట్టాల్లోకి ఎక్కించాలి. వెర్లిన్ దాన్ని ఆదివారం ప్రార్థనంత నిష్ఠగా చేసేవాడు. మాట్లాడకూడదు, ప్రశ్నలు వేయకూడదు. "వెలుగు ఇటు" అంటే ఇటు, "అటు" అంటే అటు. ఆయన చొక్కా వీపు మీది గళ్ళు తప్ప ఆర్డిస్ చూసిందేమీ లేదు.

ఆ ఏడు సెప్టెంబర్లో చూరు కాలవలో ఆకులు తీయబోయి వెర్లిన్ నిచ్చెన మీంచి పడ్డాడు. తుంటికి ఆపరేషన్ అయింది. అక్టోబర్ మొదటి గురువారం పొద్దున్నే రేడియో చెప్పింది: రాత్రికి సున్నాకి పది డిగ్రీలు కిందికి.

"నా బూట్లు ఇలా తే," అన్నాడు వెర్లిన్.

"బూట్లెందుకు? వంగావంటే మళ్ళీ లేవవు. పక్కింటి డ్వేన్‌ని పిలవనా?"

"వాడికి సొంతింటి తలుపే సరిగ్గా వేయడం రాదు."

"అయితే నేను చేస్తా."

వెర్లిన్ గడ్డం గోక్కున్నాడు. "మరి టార్చి ఎవరు పట్టుకుంటారు?"

"పట్టపగలు," అంది ఆర్డిస్.

ఆయన్ని బొంతలో చుట్టి, బండి పక్కన మడతకుర్చీలో కూర్చోబెట్టింది. పక్కన వాకర్, ముందు బారులు తీరిన తొమ్మిది మందు డబ్బాలు. ఆర్డిస్ గీజర్ బిరడా విప్పింది. నీళ్ళు ఎగిసి చొక్కా చేతిలోంచి చంక దాకా పాకాయి.

"ముందు పైనున్న పిడి ఎత్తి గాలి వదలాలి," అన్నాడు వెర్లిన్.

"ముందు అనే మాట ముందు చెప్పాలి."

"నాకు చేతులకి అలవాటు, నోటికి కాదు."

తర్వాత లోపలికెళ్ళి మంచం కింద పలక ఎత్తింది. గీజర్ వెనక మూడు చిన్న పిడులున్నాయి. పక్కన బొమ్మల కాగితం అంటించి ఉంది: వేసవిలో ఇలా, చలికాలంలో అలా. కాగితం మీద ఒక్క వేలి మరకైనా లేదు.

"వెర్లిన్, ఇక్కడ చలికాలానికి తిప్పమని మూడు పిడులున్నాయి," కిటికీలోంచి అరిచింది.

"వాటి జోలికి పోకు. కంపెనీవాళ్ళు పెట్టినవి."

"ఎందుకు పెట్టారు?"

"ఉండాలని పెట్టారు."

రాసి ఉన్నది రాసినట్టు చేయడం ఆర్డిస్‌కి వంటగది నేర్పిన చదువు. మూడూ తిప్పేసింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. పైపు డబ్బాలో ముంచి మోటారు వేసింది. వంటింటి కుళాయి దగ్గింది, ఉమ్మింది, గులాబీరంగు కక్కింది. తర్వాత వాష్‌బేసిన్, షవర్, మరుగుదొడ్డి. బయటికొచ్చేసరికి రెండో డబ్బాలో ఇంకా కాస్త మిగిలే ఉంది.

"అయిపోయింది."

"ఏమయిపోయింది?"

"పని."

వెర్లిన్ డబ్బాలకేసి చూశాడు. "తొమ్మిది పడతాయి. ఎప్పుడూ తొమ్మిదే. ఎక్కడో కారుతోంది, మళ్ళీ చూడు."

పక్క పెరట్లో ఆకులు పోగేస్తున్న డ్వేన్ చేతిలోని దంతె మీద వాలాడు. "రెండే కదా పట్టేది. లోపలి పిడులు తిప్పి గీజర్‌కి అడ్డం వేస్తే మందు అందులోకి పోదు. నువ్వు అడ్డం వేయవా, వెర్లిన్?"

వెర్లిన్ బొంత అంచు సర్దుకున్నాడు.

డ్వేన్ చెడ్డవాడు కాదు. నవ్వు ఆపుకోవడం రాదంతే. "ఇన్నేళ్ళూ ఆ తియ్యటి మందు గీజర్‌కి తాగిస్తున్నావన్నమాట. వేసవి మొదట్లో మీ బండిలో కాఫీ చక్కెర వేయకుండానే ఎందుకు తియ్యగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది."

ఆర్డిస్ కూడా పకపకా నవ్వింది. అంతలో వెర్లిన్ చెవులు ఎర్రబడటం కనిపించి నోరు మూసుకుంది.

సాయంత్రం ఐదున్నరకి బంగాళాదుంపల సూపు పెడితే తల వంచుకుని తిన్నాడు. సగం తిన్నాక చెంచా ఆగింది.

"బయటి షవర్," అన్నాడు.

"ఏంటది?"

"బండి వెనకవైపు చిన్న తలుపులో ఉంటుందే, బురద కాళ్ళు కడుక్కునేది. అందులో నీళ్ళుండిపోయాయి. ఆ ఒక్కటీ అందరూ మర్చిపోతారు. నేను మర్చిపోను."

ఆర్డిస్ కోటు వేసుకుని పరిగెత్తి మళ్ళీ మోటారు వేసింది. వెర్లిన్ వాకర్ ఈడ్చుకుంటూ వెనకే వచ్చాడు. "చల్లదీ వేడిదీ, రెండూ తిప్పు." రెండో డబ్బాలో మిగిలిన మందు చిమ్మి ఆయన ఇంటి చెప్పుల్ని తడిపింది. ఆయన మాత్రం అంగుళం కదల్లేదు.

"డ్వేన్ కొత్త బండికీ ఇది ఉంది కదూ?" అడిగింది ఆర్డిస్.

"ఉంది. వాడు మిగతావన్నీ చేసి దీనికి మాత్రం మందు పెట్టలేదు. నిన్న ఇక్కణ్ణించే చూశాను."

"చెప్పవా మరి?"

"రేపు చెప్తా."

"రేపటికి పగిలిపోతుంది."

"అందుకే రేపు."

ఆర్డిస్ తిరిగి డబ్బాల దగ్గరికి వెళ్ళింది. మూడో డబ్బా చంకన పెట్టుకుని డ్వేన్ ఇంటివైపు నడిచింది. రెండడుగులేశాక వెనక వాకర్ చప్పుడు వినిపించింది. ఆయన్ని దాటిపోకుండా నడవడానికి ఆమె నాలుగుసార్లు ఆగి ఆకాశం చూడాల్సి వచ్చింది. డ్వేన్ తలుపు తీశాడు.

"బయటి షవర్‌కి మందు పెట్టావా?" అడిగాడు వెర్లిన్.

"బయటి షవరా? ఎక్కడుంది?"

వెర్లిన్ ముఖం పొద్దుట్నుంచీ మొదటిసారి విప్పారింది. డ్వేన్‌ని బండి వెనక్కి తీసుకెళ్ళి, ఏది ముందో ఏది తర్వాతో పూసగుచ్చినట్టు చెప్పాడు.

శనివారం ఊరివాళ్ళు చేరే ధాన్యం గోదాములో, కాఫీ బల్ల దగ్గర, డ్వేన్ నోరు తెరిచేలోపే, తొమ్మిది డబ్బాల కథ వెర్లిన్ తనే చెప్పేశాడు. అందరూ ఊగిపోతూ నవ్వారు. వాళ్ళలో ఇద్దరు మాత్రం నవ్వు మధ్యలో ఆపి, లేచి తమ క్యాంపర్లు చూసుకోవడానికి ఇళ్ళకి వెళ్ళారు. ఆదివారం చర్చి అయ్యాక పాస్టర్ భార్య ఆర్డిస్ చెయ్యి పట్టుకుని, "వెచ్చని షెడ్డులో పెట్టిన మా బండి కూడా ఒకసారి చూస్తావా?" అని మెల్లగా అడిగింది. మిగిలిన ఆరు డబ్బాల్లో రెండు అక్కడే ఖర్చయ్యాయి. ఆ బండికి పిడులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. ఆర్డిస్‌కి మూడు గంటలు పట్టింది. పాస్టర్ ఇచ్చిన కాఫీ చాలా చేదుగా ఉందని వెంట వెళ్ళిన వెర్లిన్ ఇంటికొచ్చేదాకా సణుగుతూనే ఉన్నాడు.