తాతయ్య వేసిన గెట్టు

నా చిన్నప్పుడు కుర్చీలు చేసేవాళ్ళు వాటిలో మనుషులు కూర్చుంటారని గుర్తుంచుకునేవారు. ఎల్బీనగర్‌లో మా వకీలుగారి గదిలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు చూస్తే అలాంటి అనుమానం ఎవరికీ వచ్చినట్టు లేదు. గంట కూర్చుంటే, లేవడానికి ఇద్దరు సాయం పట్టాలి. మొన్న నాకు అటొకరు ఇటొకరు ఉన్నారు, అన్నయ్య, తమ్ముడు. కాకపోతే వాళ్ళిద్దరికీ మాటల్లేక ఏడాదయింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మ పేరున ఉన్న ఇల్లు ఇప్పుడు మా ముగ్గురిదీ. కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను, రోడ్డు వైపు దుకాణాలకిచ్చే రెండు మడిగెలు. ఆ మడిగెలు వాళ్ళిద్దరికీ కావాలి. పంపకం కోసం వకీలు దగ్గరికి వెళ్ళడం అది నాలుగోసారి. ఆరోజూ తేలకపోతే కేసు వేస్తానని తమ్ముడు చెప్పేశాడు. నాకు కేసు వద్దు. నా వాటా కావాలి, ఈ ఇద్దరూ కావాలి. ఈ వయసులో అది కాస్త పెద్ద ఆశే.

అందుకని వాళ్ళకు మా తాతయ్య సంగతి చెప్పాను.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాదర్‌గుల్‌లో తాతయ్యా, ఆయన తమ్ముడు చిన్నతాతా పొలం పంచుకుంటున్నారు. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. అది మా వైపు పద్ధతి. తాతయ్య పొద్దున్నే తాడు తీసుకుని రెండు ముక్కల మధ్య గెట్టు గుర్తు పెట్టడానికి దిగాడు. మేకులు పాతాడు. బావి ఒక పక్కకే పడిందని పీకాడు. మళ్ళీ పాతాడు. రాళ్ళ చెలక నేలంతా రెండో పక్కకు వచ్చిందని మళ్ళీ పీకాడు. తాడు రెండో కొస నా చేతిలో ఉండటంతో ఆయన న్యాయబుద్ధికి నా కాళ్ళే ఎక్కువ నొచ్చాయి.

"ఎన్నిసార్లు జరుపుతవ్ తాతా?"

"వాడు ఏది కోరుకుంటడో నాకెర్కనా బిడ్డా? రెండు ముక్కలు నావే అనుకోని గీస్తున్న. ఏది మిగిలినా మూతి ముడవొద్దు గద."

చివరికి తాడు బావి నడిమధ్య నుంచి పోయింది. సాయంత్రం చిన్నతాత వచ్చి, పొలంలోకి దిగనైనా దిగకుండా, దగ్గరున్న ముక్క చూపించి "గిది చాలు" అన్నాడు. పొద్దంతా చెమటోడ్చిన తాతయ్యకు ఒళ్ళు మండింది.

"ఓసారన్న తిరిగి సూడరా!"

"నువ్ సూసినవ్ గదన్నా."

ఇప్పటికీ ఇంట్లో ఏది పంచాల్సి వచ్చినా, మామిడిపండైనా సరే, ఆఖరున మిగిలేది నాదే అనుకుని కోస్తాను. మావారు దీన్ని నిదానం అంటారు.

ఇదంతా చెప్పి, ఇంటిని అన్నయ్య మూడు వాటాలుగా గీయాలనీ, తమ్ముడు ముందు, నేను తర్వాత కోరుకుంటామనీ, మిగిలింది అన్నయ్యదనీ అన్నాను. వకీలుగారు తెల్లకాగితం ముందుకు జరిపారు. అన్నయ్య కళ్ళజోడు తుడుచుకుని పెన్ను తీశాడు. తమ్ముడు ఏడాది తర్వాత మొదటిసారి అన్నయ్య మొహంలోకి చూశాడు. నా ప్రాణం కుదుటపడింది.

అప్పుడు తమ్ముడు నా వైపు తిరిగాడు.

"తాతకు ఒక చెల్లె గూడ ఉండె గదక్కా. ఆమెకు ఏ ముక్క ఇచ్చిండు?"