బేరం ఆడని తల్లుల పిల్లలు

ఇప్పటికీ దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఏదో ఒక బట్టల షాపు అద్దాల తలుపు తెరుచుకుని, చల్లగాలితో పాటు కొత్త నూలు చీర మడత విప్పిన వాసన బయటికి వస్తే నా కాళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. గంజి, రంగు, అట్టపెట్టెలో చాలా రోజులు మూసి ఉన్న గాలి కలిసిన వాసన అది. కొత్తపేటలో మా నాయిన నడిపిన చీరల దుకాణమంతా అదే వాసన. స్కూల్లో నా పక్కన కూచున్న పిల్లలు కూడా నా యూనిఫాం నుంచి కొత్త బట్టల వాసన వస్తోందని, నాకు రోజూ పండగే అనుకునేవారు.

నాయినది పోచంపల్లి పక్క ఊరు. మగ్గం వదిలి పట్నం వచ్చినా చీరను మాత్రం వదల్లేదు. దుకాణంలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్ల దుప్పటి కప్పిన పరుపు ఉండేది, ఆడవాళ్లు చెప్పులు గడప బయట విడిచి వచ్చి బాలీసులకు ఆనుకుని కూచునేవారు, నాయిన మోకాళ్ల మీద లేచి ఒక్క విసురుతో చీర పరిచేవాడు. నేను ఖాళీ పెట్టెలతో మూలన ఇల్లు కట్టుకుని అందులోంచి అన్నీ వినేదాన్ని. ఎండాకాలం పక్కనున్న పండ్ల మార్కెట్ నుంచి వరిగడ్డి, మామిడిపండ్ల వాసన దుకాణంలోకి వచ్చి కూచునేది. రసాలు తిన్న చేతులతో పట్టు చీర ముట్టుకుంటానని, సబ్బుతో కడిగించి, వేళ్లు వాసన చూసి గానీ నాయిన నన్ను పరుపెక్కనిచ్చేవాడు కాదు. బతుకమ్మ రోజుల్లో గిరాకీ ఊపిరాడనిచ్చేది కాదు, అమ్మ ఇంటి నుంచి మలీద ముద్దలు తెస్తే నెయ్యంటిన చేతులకు మళ్లీ అదే తనిఖీ.

సెలవుల్లో తాత దగ్గరికి పోతే అక్కడ మరో లోకం. దారాన్ని రబ్బరు పీలికలతో బిగించి కట్టి, రంగు తొట్టిలో ముంచి, ఆరాక కట్లు విప్పితే కట్టిన చోట తెల్లగా, మిగతా చోట ఎర్రగా తేలేది. ఈ రంగు ఎందుకు నిలుస్తుంది, ఆ రంగు మొదటి ఉతుకుకే ఎందుకు పోతుంది అని అడిగితే, "గది గట్లనే బిడ్డా" అనేవాడు తాత. ఆ జవాబు నాకు చాల్లేదు. ఇంటర్‌లో కెమిస్ట్రీ మొదలయ్యాక, తాతను అడిగినవన్నీ ఆ పుస్తకాన్నే అడగొచ్చని తెలిసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. బీఎస్సీలో కెమిస్ట్రీ చదవాలని అప్పుడే మనసులో రాసిపెట్టుకున్నాను.

కానీ ఆ రోజుల్లో మా వైపు డిగ్రీ అనే మాటను పరామర్శకు వచ్చినవాళ్లు మాట్లాడినట్టు మెల్లగా అనేవారు. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా ప్రతి స్తంభం మీదా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. మా పిల్ల డిగ్రీలో చేరిందని ఎవరైనా అంటే, పోనీలెండి, ఒంట్లో బాగుంటే చాలు అన్నట్టు చూసేవారు. ఇంజనీరింగ్ అన్నది అప్పటికే ఖాయం, ఏ బ్రాంచి అన్నదే ప్రశ్న. దానికి నాయిన దగ్గర సొంత పద్ధతి ఒకటి ఉండేది.

ఆయన ఎవరినీ సలహా అడిగేవాడు కాదు. చీర పరుస్తూ, "మీ పిల్లలేం సదువుతున్రమ్మా" అని తీరిగ్గా కదిపేవాడు, తర్వాత ఆ తల్లి బేరమెట్లా ఆడుతుందో చూసేవాడు. పిల్లల చదువు గట్టిదైతే ఇంట్లో నిశ్చింత ఉంటుంది, నిశ్చింత ఉన్న తల్లి బేరం ఆడదు. ఇదీ ఆయన లెక్క. కంప్యూటర్ చదివిన పిల్లల తల్లులు గీచిగీచి అడుగుతున్నారట, ఫార్మసీ వాళ్లు రెండుసార్లు లేచిపోయి మళ్లీ వస్తున్నారట. సివిల్ తల్లులు మాత్రం చెప్పిన ధరకే తీసుకుపోతున్నారట. పైగా రాష్ట్రమొస్తే ప్రాజెక్టులొస్తాయి, ప్రాజెక్టులొస్తే నౌకర్లొస్తాయి అని బయట అందరూ అంటున్నదే.

ఈ లెక్కకు మూలస్తంభం రాజ్యలక్ష్మి గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి మా వెనక వీధిలో స్థిరపడ్డ మనిషి. ధర అడిగి, తలూపి, సంచీలో వేసుకుని వెళ్లేది. కొడుకు సివిల్ పూర్తి చేశాడు.

"గా అమ్మను సూడు. మారుమాట అనది. సివిలంటే గట్లుంటది" అన్నాడు నాయిన ఒకరోజు అన్నం తింటూ.

"నేను కొత్తిమీర కట్టకు గూడ బేరం జేస్త. మరి నా బిడ్డకు సదువు రాలేదా?" అంది అమ్మ, ఇంకాస్త పప్పు వడ్డిస్తూ. నాయిన వినిపించుకోలేదు. నేను నోరు విప్పలేదు. విప్పితే డిగ్రీ అనాలి.

ఇంటర్ రెండో ఏడాదంతా రాష్ట్రం కోసం బందులే. కాలేజీ ఒకరోజు ఉంటే నాలుగు రోజులు ఉండేది కాదు, హాస్టల్ పిల్లలు సంచులు సర్దుకుని ఊళ్లకు పోయారు. ఎల్బీనగర్‌లో రోడ్డు మీదే వంటావార్పు పెట్టిన రోజు నాయిన నన్ను వెంట తీసుకుపోయాడు. బస్సులు తిరగాల్సిన చోట పొయ్యిలు, పొగ, డప్పులు, పాట. వేడివేడి కిచిడీ విస్తరిలో పెట్టించుకుని డివైడర్ మీద కూచుని తిన్నాం. నాయిన గొంతు పోయేదాకా జై కొట్టాడు. అంత సంతోషంగా ఆయన్ను నేను మళ్లీ చూడలేదు.

అక్కడి నుంచి దుకాణానికి వచ్చి, సరుకు సర్దుకుందామని షట్టర్ సగం ఎత్తి కూచున్నాం. కాసేపటికి రాజ్యలక్ష్మి గారు తల వంచి లోపలికి వచ్చింది, వెనకాల కొడుకు. బందు రోజు చీరెందుకో అని నాయిన పెట్టె తీయబోతే వద్దంది.

"అన్నయ్యగారూ, మావాడికి మీ దుకాణంలో ఏదైనా పని ఇస్తారా? పాసై ఏడాది దాటిందండీ. తిరగని ఆఫీసు లేదు."

నాయిన చేయి పెట్టె మీదే ఆగిపోయింది. ఆ అబ్బాయి నేల చూపులు చూస్తున్నాడు.

"అదేందమ్మా, సివిల్ గదా" అన్నాడు నాయిన. "మీరెన్నడు బేరం జెయ్యలె. మీకేం ఫికర్ లేదనుకున్న నేను."

"బేరం ఆడటం చేతకాదండీ నాకు. ఎవర్నైనా ఏదైనా అడగాలంటేనే సిగ్గు. ఇవాళ కూడా గడప దాకా రెండుసార్లు వచ్చి వెనక్కి పోయాను."

డప్పుల మోత ఇంకా దూరంగా వినిపిస్తోంది. నాయిన గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "రేపటి సంది రమ్మనుండ్రి" అన్నాడు. వాళ్లను కూచోమని, నన్ను ఇంటి నుంచి చాయ్ తెమ్మన్నాడు.

వాళ్లు వెళ్లాక చాలాసేపు మడిచిన చీరలనే మళ్లీ మడిచాడు. తర్వాత నా వైపు చూడకుండానే అడిగాడు.

"నీకేం సదవాలనుంది బిడ్డా?"

పదిహేడేళ్లలో ఆ ప్రశ్న వినడం అదే మొదటిసారి. కెమిస్ట్రీ అన్నాను. డిగ్రీ అని కూడా అన్నాను.

"దాంతోటి ఏం నౌకరొస్తది?"

"తెల్వది నాయినా."

ఆయన చేతిలో చీర పక్కన పెట్టాడు. "నాకు గూడ తెల్వది. ఏది సదివితే ఏమైతదో ఎవలకు తెల్వదు గావచ్చు. సదువు."

రాజ్యలక్ష్మి గారబ్బాయి కొన్నేళ్లు మా పరుపు మీద చీరలు పరిచాడు. కాదనడం రాదు గనుక ఆడవాళ్లంతా అతని దగ్గరే బేరానికి దిగేవారు, నాయిన తల పట్టుకునేవాడు. రాష్ట్రమొచ్చింది, అతనికి ఎక్కడో సైటు మీద పని దొరికింది, అక్కడి మొదటి జీతం రాగానే వచ్చి తల్లికి మా దగ్గరే చీర కొన్నాడు.

ఇప్పుడు పండ్ల మార్కెట్ లేదు. మా దుకాణం ఫోన్లు అమ్మే షాపయింది, నాయినా పోయాడు. నేను చైతన్యపురిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. మొన్న ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏ డిగ్రీకి స్కోప్ ఉంది, ఎన్నేళ్లకు ఎంత జీతం వస్తుంది అని ఫోన్‌లో చూసి ఒక్కొక్కటే అడుగుతున్నాడు. నాకు తెలిసినవి చెప్పాను. ఆయనకు నాకంటే ఎక్కువే తెలుసు. చివరికి ఆ అమ్మాయిని అడిగాను, నీకేం చదవాలనుందమ్మా అని.

ఆ పిల్ల తండ్రి ముఖం వైపు చూసింది.

"దానికేం తెలుసు మేడమ్, మీరు చెప్పండి" అన్నాడాయన.

నాకు మా నాయిన మీద బెంగ ముంచుకొచ్చింది. ఆయన్ను ఒక్క నిమిషం తెచ్చి ఈ తండ్రి పక్కన కూచోబెట్టాలనిపించింది. వీలుకాదు గనుక, నేనే కుర్చీ ఆ పిల్ల వైపు తిప్పుకుని, ఆమె నోరు తెరిచేదాకా కూచున్నాను.